టోలోగారి ఫ్లాస్కు

మౌంట్ ఫ్లెచర్ కొండ మీద నుంచి,
మంగళవారం, గొర్రెలు దొడ్డికి చేరిన వేళ.

నా బంగారు తల్లి జుకిస్వాకు, మీ నాన్న ఒళ్ళంతా నోరు చేసుకుని దీవించి రాసేది. ఇక్కడ మీ అమ్మ క్షేమం, గొర్రెలు క్షేమం, ఎడమ మోకాలు ఒక్కటి తప్ప మిగతా నేను క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడు లుంగిసా, పిల్లలూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. మీ మామగారు కూడా క్షేమంగానే ఉండి ఉంటారు. ఆయనకేం.

గెలిచావమ్మా! నా తల్లి గెలిచింది! ఈ ఒక్క ముక్కే కాగితం నిండా రాసి పంపిద్దామనుకున్నాను. నిన్ను తీసెయ్యడం అన్యాయమని, అదే గనిలో, అదే బొగ్గు లారీ మీద, మధ్యలో ఏమీ జరగనట్టుగా నిన్ను మళ్ళీ కూర్చోబెట్టమని కార్మికుల కమిషన్ తీర్పు ఇచ్చిందని విన్నప్పుడు నేను అప్పుడే దారి ఎక్కి వచ్చి నొంబెకో కొట్టు ముందు పిండిబస్తా మీద కూర్చుని ఉన్నాను. లేచి గెంతాను. మోకాలన్నది ఒకటుందని గుర్తే లేదు. నెత్తిమీది టోపీ తీసి గాల్లోకి విసిరితే కొట్టు రేకుల మీద పడింది. ఇంకా అక్కడే ఉంది. ఉండనీ. వచ్చేపోయేవాళ్ళు అదేమిటని అడిగితే నొంబెకో నీ గెలుపు సంగతి చెబుతోంది. నవ్వాను, అరిచాను, ఆపైన ఏడ్చాను. ముసలివాణ్ణి కదా, నాకు ఏ పనైనా చివరికి ఏడుపులోకే దిగుతుంది.

కానీ తల్లీ, ఒక్క సంగతి. ఆ వార్త నాకు ఎలా తెలిసిందో చెప్పనా? ఈ కొండ మీద ఫోను పలికేది కొట్టు వెనక రాతిగట్టు మీదేనని నీకు తెలుసు. నేను రోజూ పొద్దున్నే గట్టెక్కి ఫోను చేతిలో పట్టుకుని నీ పిలుపు కోసం నిలబడుతున్నాను. ఆ రోజు ఒక గొర్రె ఈనుతోందని ఆలస్యంగా వెళ్ళాను. ఆ కాస్త ఆలస్యంలో మీ మామగారు టోలోగారు కొట్టుకే ఫోను చేసి చెప్పేశారట. నేను మెలికదారి ఎక్కి వచ్చేసరికి, పిండి కొనేవాళ్ళు, సబ్బు కొనేవాళ్ళు, ఏమీ కొననివాళ్ళు, అందరికీ తెలుసు. తెలియనిది కన్నతండ్రికే.

"రాదేబే! మీ వియ్యంకుడు గెలిపించేశాడటగా!" అంది నొంబెకో, నా గెంతులు చూసి త్రాసు వదిలేసి.

"ఎవరు గెలిపించారు?"

"మీ వియ్యంకుడే! పెద్ద ఆఫీసులో లేచి మాట్లాడాడట కదా. కంపెనీవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారట."

"ఆ ఆఫీసులో నేనూ ఉన్నాను."

"అవునా? మరి నువ్వేం మాట్లాడావు?"

నేను టోపీ కోసమన్నట్టు రేకుల వైపు చూశాను.

ఇంటికొచ్చి మీ అమ్మకు చెప్పాను. గిన్నె పొయ్యి మీదే వదిలి వచ్చి నన్ను కావలించుకుంది. అలా కావలించుకుని చాలా ఏళ్ళయింది, రాస్తే కోప్పడుతుంది. తరవాత నా ముఖం చూసింది.

"ఏమైంది? పిల్ల గెలిచిందంటున్నావు, ముఖం చూస్తే గొర్రె చచ్చినట్టుంది."

"టోలోగారు గెలిపించారని కొట్టు దగ్గర టముకు వేస్తున్నారు."

"వేస్తే వెయ్యనీ. పిల్ల గెలిచిందా లేదా?"

"గెలిచింది."

"అయితే ఆ ముఖం బయట ఆరేసి లోపలికి రా. వంట మాడిపోతోంది."

మీ అమ్మ మనసు అలాంటిది. నా మనసు అలాంటిది కాదు.

సరే, నీ కిందటి ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు రాస్తాను, లేకపోతే నాన్న తన గోలే తప్ప మన మాట వినడంటావు. మాత్రలు వేసుకుంటున్నాను. మోకాలికి మీ అమ్మ ఏదో ఆకు నూరి కడుతోంది, వాసనకు కుక్క కూడా దగ్గరికి రావడం లేదు. నల్లముఖం గొర్రె కవలల్ని ఈనింది, రెండూ నిలబడ్డాయి. వెనకగది పైకప్పు కురవడం ఆగింది, ఎందుకంటే వానే ఆగింది. నువ్వు పంపిన కోటు సరిగ్గా సరిపోయింది, చాలా వెచ్చగా ఉంది, చర్చికి అదే వేసుకువెళుతున్నాను. టోలోగారికి కూడా అలాంటిదే కొన్నావని లుంగిసా పంపిన ఫోటోలో చూశాను. ఆయనది గోధుమరంగు. ఆయన కోటుకి లోపల కూడా జేబు ఉన్నట్టుంది. ఊరికే చూసి రాశాను, ఏమీ అనుకోకు.

ఇక నువ్వు చివర్లో అడిగిన రెండు ప్రశ్నలు. విచారణ మర్నాడు పొద్దున్నే, ముద్ద కూడా నోట్లో పెట్టుకోకుండా, నీకు చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయానన్నది ఒకటి. గెలిస్తే గొర్రెను కోసి, పోయిన పెద్దలకు కృతజ్ఞత చెప్పుకునే శనివారానికి వస్తానా, రానా అన్నది రెండోది. "నాన్నా, నామీద కోపమా?" అని కింద గీత గీసి మరీ రాశావు. ఆ గీత చూసినప్పటినుంచి నాకు కూడు సయించడం లేదు. ఫోనులో చెబుదామంటే గట్టు మీద నా వెనక ఎప్పుడూ పదిమంది. అందుకే ఈ ఉత్తరం. టాక్సీ డ్రైవరు చేత్తో నీ చేతికే ఇమ్మని పంపుతున్నాను. నువ్వు ఒక్కదానివే చదువుకో. మామగారికి చదివి వినిపించకు.

ఆ రోజు సంగతి నీకు తెలిసిందే. లోపల బల్ల దగ్గర కూర్చున్నది నువ్వే. కానీ వరండాలో బల్ల మీద కూర్చున్నవాడికి అదంతా ఎలా వినిపించిందో నీకు తెలియదు. సాక్షులు బయట ఉండాలన్నారు కదా, ఆ గది తలుపు సరిగ్గా పడదు. నేనూ, మీ మామగారూ పక్కపక్కన కూర్చుని ప్రతి మాటా విన్నాం. ఆయన ఒళ్ళో ఒక ఫ్లాస్కు. పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

ముందు కంపెనీ తమ గేటు కాపలాదారు మఫీకాను మాట్లాడించింది. ఆ సోమవారం నువ్వు గొట్టంలో ఊదితే ఎర్రదీపం వెలిగిందని, మళ్ళీ ఊదించినా ఎర్రదీపమేనని చెప్పాడు. కంపెనీ తరఫున వచ్చిన టై ఆయన, "చాలు. మా గనిలో మద్యం చుక్క కూడా ఒప్పుకోం. అంత పెద్ద లారీ నడిపే మనిషి" అన్నాడు. అప్పుడు మీ యూనియన్ మనిషి నెమ్మదిగా అడిగాడు.

"ఎర్రదీపం వెలిగితే ఏం చెయ్యాలని మీ గోడ మీద రాసి ఉంది?"

"నోరు పుక్కిలించమనాలి. పావుగంట కూర్చోబెట్టాలి. ఇంకో మిషన్‌లో ఊదించాలి."

"కూర్చోబెట్టావా?"

టై ఆయన దగ్గాడు. ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది.

"లేదు సార్" అన్నాడు మఫీకా. "షిఫ్టు బస్సు ఆలస్యంగా వచ్చింది. గేటు దగ్గర గుంపు. తొందరగా కానియ్యమని పైనుంచి అరుస్తున్నారు. రెండో మిషన్‌కి చార్జింగ్ లేదు. ఆ మిషన్‌లోనే వెంటనే ఊదించాను. ఆ అమ్మ ఏదో అంబలి తాగానని చెబుతూనే ఉంది."

ఎంత గుండె కావాలి తల్లీ ఆ మాట అనడానికి! జీతమిచ్చేవాడి ఎదురుగా! నన్నడిగితే నిన్ను గెలిపించింది మఫీకా. నువ్వు ఆ రోజే నీ అంతట నువ్వు ఆస్పత్రికి వెళ్ళి రక్తం ఇచ్చి, మద్యం లేదని తెచ్చుకున్న కాగితం గెలిపించింది. ఈ మాట కొట్టు దగ్గర చెబితే నొంబెకో ఏమందో తెలుసా? "అవునులే, కానీ మీ వియ్యంకుడు కూడా..." అంది.

తరవాత నువ్వు మాట్లాడావు. తడబడకుండా, తల దించకుండా. పొద్దున్నే తినే తీరిక ఉండదని, టాక్సీలో కూర్చుని ఫ్లాస్కులో అమరేవు అంబలి తాగుతూ వెళతానని, ఆ రోజు గేటు ముందు దిగుతూ కూడా ఒక గుక్క తాగానని. అంబలి రెండు రోజులు పులిసిందని, ఆ పులుపే నోట్లో నిలిచి ఎర్రదీపం వెలిగించిందని. నా గుండె పొంగిపోయింది. అప్పుడు ఆ ప్రశ్న వచ్చింది.

"ఆ అంబలి ఎవరు కాచారు?"

"మా మామగారు."

అక్కడ పడింది తల్లీ నా కడుపులో మొదటి నిప్పు.

నీ ఉత్తరాల్లో ఎప్పుడూ రాయలేదే! మన ఆచారంలో మామ ఉన్న గదిలోకి కోడలు తలగుడ్డ లేకుండా అడుగుపెట్టదు. అలాంటిది మామే కోడలి కోసం కుండ పెట్టి, పిండి కలిపి, వడకట్టి, ఫ్లాస్కులో పోసి ఇవ్వడమా? పక్కకి తిరిగి చూశాను. ఆయన సిగ్గుపడతాడేమో అనుకున్నాను. ఫ్లాస్కు మూత తుడుచుకుంటున్నాడు.

ఆయన్ని లోపలికి పిలిచారు. టై ఆయన వెటకారంగా అడిగాడు.

"మీరా కాచేది? మగవాళ్ళు?"

"నా భార్య పోయింది బాబూ. మావాడిది రాత్రి షిఫ్టు. కోడలు చీకటితోనే వెళుతుంది. ఇంట్లో ఖాళీగా ఉండేది నేనూ, కుండా."

"మీ వీధిలో నవ్వరా?"

"నవ్వుతారు. నవ్వి, మాకూ ఒక గ్లాసు పొయ్యమంటారు."

లోపల అందరూ నవ్వారు. కమిషనరమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు వరండాలో నా చెవిలో కరిగిన సీసంలా పడింది. నీకు అన్నం పెట్టినవాణ్ణి నేను. నీకు జ్వరమొస్తే మంచులో గుర్రం మీద కూర్చోబెట్టుకుని కొండ దింపినవాణ్ణి నేను. కానీ ఎప్పుడైనా నా చేత్తో ఒక కప్పు టీ కాచి ఇచ్చానా? లేదు. అది మీ అమ్మ పని అనుకున్నాను. ఎవడో వచ్చి, నా కూతురికి రోజూ అంబలి కాచి, దాన్ని ఆఫీసులో చెప్పి అందర్నీ నవ్విస్తున్నాడు.

పైగా మాటకి ముందు నొసిఫివో, మాటకి వెనక నొసిఫివో! "మా నొసిఫివో అబద్ధం చెప్పదు. మా నొసిఫివోకి మద్యం వాసన పడదు." కమిషనరమ్మ కాగితాలు తిప్పింది. "ఎవరండీ ఈ నొసిఫివో? ఇక్కడ జుకిస్వా అని ఉంది."

"మా ఇంటికి వచ్చినప్పుడు మేం పెట్టుకున్న పేరమ్మా."

"కాగితంలో ఉన్న పేరే చెప్పండి."

నేను వరండాలో తొడ చరిచాను. కాగితంలో ఉన్నది నేను పెట్టిన పేరు! పక్కన ఇంకేదో కేసు కోసం కూర్చున్న ఆడమనిషి ఉలిక్కిపడి కాస్త జరిగి కూర్చుంది.

ఆ తరవాత ఆయన ఫ్లాస్కు తీశాడు. ఇది తాగి ఈ కంపెనీ సారే ఊదాలి, ఎర్రదీపం రాకపోతే అడగండి, కాసేపాగి మళ్ళీ ఊదాలి అన్నాడు. ఇక్కడ తాగుడూ వద్దు, ఊదుడూ వద్దు అని కమిషనరమ్మ అంటూనే ఉంది, ఈయన మూత తిప్పేశాడు. పొద్దుటినుంచి ఎండలో ఊగుతూ వచ్చిన అంబలి కదా, టప్పుమని పేలి టై ఆయన టై మీద, బల్ల మీద, ఆ గోధుమరంగు కోటు మీద పడింది. నీకు గుర్తుంటుంది. నువ్వు ముఖం చేతుల్లో దాచుకున్నావు.

ఇప్పుడు రాస్తున్నది ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మకు కూడా. ఆ చప్పుడు విని, తలుపు సందులోంచి ఆయన కోటు మీద ఆ తెల్లటి మరక చూసి, నేను సంతోషించాను. లోపల నీ బతుకు తేలుతోంది. నీ పిల్లల ఫీజులు, మీ ఇల్లు, కష్టపడి నేర్చుకున్న ఆ లారీ పని, అంతా ఆ గదిలో ఉంది. అయినా ఆయన పరువు పోయిందని బయట నా ప్రాణం లేచొచ్చింది. ఇదీ మీ నాన్న.

అక్కడితో ఆగితే బాగుండేది. నన్ను పిలిచారు.

నేను చెప్పాల్సింది ఒక్క మాట. మీ యూనియన్ మనిషి ముందురోజే నేర్పాడు. "మీ పెంపకంలో అమ్మాయికి తాగుడు అలవాటు ఉందా?" అంటే "లేదు" అనాలి. అంతే. గడప దాటేటప్పుడు కూడా లేదు, లేదు అనుకుంటూనే వెళ్ళాను. లోపల గదంతా ఆయన అంబలి వాసన. కమిషనరమ్మ బల్ల తుడుచుకుంటూ, "వాసన మాత్రం బాగుంది" అంది. ఆ మాట నా చెవిన పడింది. అంతే తల్లీ. నోట్లో ఉన్న "లేదు" ఎటు పోయిందో పోయింది.

"అంబలి ఎవరైనా కాస్తారమ్మా!" అన్నాను. "మా ఇంటి జొన్నబీరు ముందు అదెంత! మా ఇంట్లో కుండ పెడితే కొండ అవతలి నుంచి వాసన పట్టుకుని వస్తారు. నా కూతురు గడప ఎక్కలేని వయసులోనే కుండ దగ్గర కూర్చుని, పొంగు చూసి, ఇవాళ అయిందో రేపు అవుతుందో చెప్పేది. అదీ రాదేబేల ఇల్లు!"

టై ఆయన తడిసిన టై వదిలేసి కలం తీశాడు.

"అంటే చిన్నప్పటినుంచీ మద్యంతో బాగా పరిచయం ఉందన్నమాట."

నీ ముఖం చూశాను. దాన్ని నేను చచ్చేదాకా మరిచిపోను. అప్పుడు వెనక నుంచి, ఆ పడని తలుపు సందులోంచి, టోలోగారి గొంతు.

"పొంగు చూడటమంటే తాగటమా అమ్మా? పాలు పొంగేదీ చూస్తారు, చూసినవాళ్ళంతా తాగినట్టా?"

"బయటున్నాయన నోరు మూసుకోవాలి!" అని కమిషనరమ్మ గట్టిగా అంది. ఆపైన నావైపు తిరిగి, "చిన్నప్పుడు ఈమె ఏ కుండ దగ్గర కూర్చుందన్నది నాకక్కర్లేదు. ఆ రోజు పొద్దున ఏం జరిగిందో తెలుసా మీకు? తెలియదు. అయితే వెళ్ళి కూర్చోండి" అంది.

చూశావా? నేను నిన్ను ముంచబోతే కూడా పైకి లాగింది ఆయనే. పుండు మీద కారం అంటే అదే.

ఆ రోజు నుంచి తీర్పు వచ్చేదాకా నేను బతికిన బతుకు బతుకు కాదు. గట్టెక్కి ఫోను పట్టుకుని నిలబడింది నీ గెలుపు వినడానికి అనుకున్నావా? నీ ఉద్యోగాన్ని నా నోరు తినేసిందో లేదో తెలుసుకోవడానికి. అందుకే అంత గెంతాను. ఆ గెంతులో సగం నీ కోసం, సగం నా నోటి కోసం.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న. ఆ మర్నాడు ఎందుకు వెళ్ళిపోయాను? ఆఫీసులో జరిగిన సిగ్గువల్ల అని నువ్వు అనుకుంటున్నావు. కాదు తల్లీ. ఆ సిగ్గుతో ఉండేవాణ్ణి, నువ్వు పెట్టింది తినేవాణ్ణి. తెల్లవారుతుంటే నీళ్ళ కోసం వంటింటివైపు వచ్చాను. మీ మామగారు అక్కడ ఉన్నాడు. గిన్నెలో టీ మరుగుతోంది. వడకట్టి, ఆ ఫ్లాస్కులోనే పోసి, మూత బిగించి, గుమ్మం పక్కన స్టూలు మీద పెట్టాడు. దాని పక్కన నీ గని టోపీ సర్దాడు.

నేను గడపలో నిలబడి అడిగాను. "బావగారూ, అమ్మాయికి ఇవాళ పనేముంది? పని లేదు కదా."

ఆయన నన్ను చూసి దొంగ దొరికినట్టు అయిపోయాడు.

"తీసేసిన రోజు నుంచీ పెడుతున్నాను బావగారూ. లేచి వచ్చేసరికి స్టూలు ఖాళీగా ఉంటే, తానిక ఇంట్లో కూర్చునే మనిషేనని పిల్ల అనుకుంటుందేమోనని. అంబలి మానేశాను లెండి. నా అంబలేగా పిల్ల ఉద్యోగం తిన్నది. ఉత్త టీ."

గదిలోకి వెళ్ళి సంచీ తీసుకుని, టాక్సీలు ఆగే చోటికి నడిచాను. దారంతా ఒకటే అనుకున్నాను. ఆ నెలలన్నీ నేను ఈ కొండ మీద ఏం చేశాను? కొట్టు దగ్గర ఎవరైనా నీ సంగతి అడిగితే సెలవులో ఉందని మాట దాటేశాను. నీ పరువు కాపాడుతున్నాననుకున్నాను. ఆయన ఫ్లాస్కు నింపుతూ కూర్చున్నాడు. కన్నవాణ్ణి నేనూ, తండ్రి ఆయనా అయిపోయాం అనిపించింది. అది ఓర్చుకోలేకపోయాను. నీమీద కోపం కాదమ్మా. నీమీద కోపమా! ఆయనమీద కుళ్ళు. పచ్చి కుళ్ళు. తెల్లజుట్టు వచ్చాక కూడా ఇంత కుళ్ళు మిగిలి ఉంటుందని నాకు తెలియదు.

ఇక శనివారం సంగతి. నిన్నటిదాకా రానని రాద్దామనుకున్నాను. మోకాలు ఎలాగూ ఉంది కదా, దాని మీద పెట్టేద్దామని. నిన్న సాయంత్రం గట్టు మీద ఉండగా ఫోను మోగింది. టోలోగారు. వెనక పదిమంది. నేను గొంతు తగ్గించాను.

"బావగారూ, శనివారానికి ఎప్పుడు బయలుదేరుతున్నారు?"

"మోకాలు బాగోలేదండీ. మీరున్నారుగా. కానిచ్చెయ్యండి."

"నేనెలా కానిస్తాను?"

"అదేమిటి? గెలిపించింది మీరేనని ఇక్కడ కొండంతా అంటుంటే."

ఆయన నవ్వాడు. వెటకారంగా కాదు.

"నేను గెలిపించడమేమిటి బావగారూ! నా అంబలీ, మీ నోరూ, రెండూ కలిసి పిల్లను ముంచబోయాయి. పిల్ల మనిద్దర్నీ దాటుకుని గెలిచింది." గొంతు సవరించుకున్నాడు. "వినండి. మా పెరట్లో మా టోలో పెద్దలకి నేను చెప్పుకుంటాను. కానీ ఆమె పెద్దలు మా పెద్దలు కాదుగా. మేం నొసిఫివో అని పిలుచుకుంటే ఆమె పలుకుతుంది. వాళ్ళు పలకరు. వాళ్ళకి ఆమె మారాదేబే, రాదేబేల ఆడపడుచే. రాదేబేల్ని వరసగా పిలిచే నోరు నాకెక్కడిది? మీరు రాకపోతే గొర్రె అలా కట్టేసే ఉంటుంది. మొన్న నొసిఫివో కూడా అదే అంది. నాన్న రానిదే తాడు విప్పొద్దు అంది."

తల్లీ, నేను ఆ గట్టు మీద నిలబడి, పదిమంది వింటుండగా, ఫోనులోనే మన వంశం పెద్దల పేర్లు మొదలుపెట్టేశాను. "రాదేబే! బుంగానే! మ్తిమ్ఖులు! ఆవుని కొమ్ములతో సహా మింగిన మష్వబాడా!" అని గొంతెత్తాను. నొంబెకో త్రాసు వదిలేసి బయటకు వచ్చింది. అటువైపు మీ మామగారు, "ఆపండి బావగారూ, శనివారానికి కాస్త మిగల్చండి!" అని అరుస్తున్నాడు. నేను ఆపలేదు. తాత దగ్గర మొదలుపెట్టి నీ దాకా వచ్చి ఆపాను. పెళ్ళి చేసి పంపినా, అత్తింటివాళ్ళు దుప్పటి కప్పి కొత్త పేరు పెట్టినా, గొట్టంలో ఊదించి గెంటేసినా, నువ్వు ఆ వరసలోనే ఉన్నావు. ఆ వరస టోలోగారికి రాదు. ఈ ఒక్కటీ ఆయనకు రాదు!

కాబట్టి వస్తున్నాను. మీ అమ్మ కూడా వస్తోంది. రాత్రి ఉండగానే బయలుదేరే టాక్సీకి చోటు చెప్పాను. మీ అమ్మ ఇప్పుడే జొన్నబీరుకి కుండ పెట్టింది. పొంగు చూడటానికి నువ్వు లేవు, నేనే కూర్చున్నాను, ఏమీ తెలియడం లేదు. మఫీకాకి కూడా శనివారం చెప్పి పంపు. రాకపోతే ఒక ముక్క వాళ్ళింటికి పంపించు.

ఒక్క మాట ఒట్టుగా విను. సోమవారం నువ్వు మళ్ళీ ఆ గేటు దగ్గర ఊదాలి. అందుకని శనివారం నా బీరు నువ్వు ముట్టుకోవద్దు, నీ వంతు నేలకి పోస్తాను, పెద్దలు తాగుతారు. ఆదివారం ఆయన అంబలి కూడా ముట్టుకోవద్దు, ఎంత బతిమాలినా సరే. ఇద్దరికీ సమానం. సోమవారం పొద్దున ఆ ఫ్లాస్కులో ఉత్త మంచినీళ్ళే ఉండాలి.

ఆ నీళ్ళు నేను పోస్తాను. ఆ ఒక్క పూటకి మీ మామగారిని వంటింట్లోకి రానివ్వకు. స్టూలు ఎక్కడుందో నాకు తెలుసు.

ఇట్లు,
కుళ్ళు పోని, సంతోషం పట్టని,
నీకు జుకిస్వా అని పేరు పెట్టిన మీ నాన్న,
రాదేబే.